ఏటిగట్టు ద్రాక్ష

ద్రాక్ష యనగానే పందిళ్ళపై వ్రేలాడు గుత్తులు మనకు తోచును. కాని ఎవ్వరును నాటకయే, నీరు పోయకయే అడవిలో పెరుగు ద్రాక్షలును కలవు. ఉత్తర అమెరికాలోని ఏటిగట్టు ద్రాక్ష అట్టిది. దీని శాస్త్రీయ నామము విటిస్ రిపేరియా. లాటిను భాషలో 'రిపా' యనగా నదీతీరము. పేరే దీని నివాసమును తెలుపుచున్నది.

కెనడా దక్షిణ భాగమునుండి టెక్సాసు వరకు, ఏటియొడ్డులందును, వరదలు ఒండుమట్టి పరచిపోవు పల్లపు నేలలందును ఈ తీగ పెరుగును. వెలుతురును వెదకుచు చెట్లపై ప్రాకి కొనకొమ్మలను చేరును.

దీనిని గుర్తించుట యెట్లు? ముదురు తీగ బెరడు పేలికలుగా ఊడును. ఆకున కెదురుగా, కొన చీలిన నులితీగ యుండును. ఆకు సాధారణముగా మూడు తమ్మెలు కలిగి, అంచున రంపపు పళ్ళవలె నుండును. పండ్లు చిన్నవి, నీలినలుపు రంగువి. వానిపై తెల్లని పూత యుండును. రుచి పులుపు. ఆడ తీగలు, మగ తీగలు వేరువేరుగా నుండును. కనుక పండ్లు లేనంతమాత్రమున ఇది ద్రాక్ష కాదనరాదు.

నల్లని గుత్తులు కనబడినంతమాత్రమున ద్రాక్షయే యనియు నమ్మరాదు. ఆ తావులందే మూన్‌సీడ్ అను మరియొక తీగ పెరుగును. అది మన తిప్పతీగ కుటుంబమునకు చెందినది. దాని పండ్లు ద్రాక్షవలెనే యుండును, కాని విషము. దానికి నులితీగలు లేవు. కాండమే చెట్టును చుట్టుకొని ప్రాకును. ఆకునకు రంపపు అంచుండదు. పండులో నెలవంకవంటి గింజ యొక్కటే యుండును. ద్రాక్షలోనో, గుండ్రని యొడలును సన్నని మొనయు గల గింజలు సాధారణముగా రెండు మొదలు నాలుగు వరకుండును. కావున గుర్తులన్నియు సరిచూడవలెను. రుచి చూచి తేల్చుకొనుట ప్రాణాపాయము.

పులుపని ఈ తీగను చులకన చేయరాదు. 1860 తరువాతి సంవత్సరములలో ఫిల్లాక్సెరా యను చిరుపురుగు అమెరికానుండి ఫ్రాన్సు చేరి, ద్రాక్షతోటలను నాశనము చేయసాగెను. 1868లో ప్లాంషాన్ మొదలగువారు ఎండుచున్న తీగల వేళ్ళపై దానిని కనుగొనిరి. ఆ పురుగుతోపాటు యుగములుగా పెరిగిన అమెరికా ద్రాక్షలలో కొన్నింటి వేళ్ళు దానిని తట్టుకొనగలవు, అన్నియు తట్టుకొనజాలవు. ఏది యేదియో గుర్తించి ఎన్నుకొనవలసి వచ్చెను. అట్లెన్నుకొన్న వానిలో ఏటిగట్టు ద్రాక్ష యొకటి. వాని వేళ్ళపై ఐరోపా ద్రాక్షను అంటుకట్టిరి, తోటలు నిలిచెను. నేటికిని ఐరోపా ద్రాక్షతోటలలో అధికభాగము అమెరికా వేళ్ళపైననే నిలిచియున్నది.

ఏటియొడ్డున ఒక తీగను సరిగా గుర్తించుట చిన్నపని వలె తోచును. కాని అది ఒకచోట ప్రాణమును, మరియొకచోట రైతుల బ్రతుకును కాపాడినది.