రేవు ఒడ్డున రాతి గురుతులు: చెన్నపట్నపు పాతపేట స్మారకాలను చదివే విధం

పారిస్ కార్నర్‌లో బస్సు దిగి ఉన్నత న్యాయస్థానం వైపు నడిచేవారు రోజుకు వేలమంది. అక్కడ డేర్ హౌస్ భవనం మూలన పాత స్తంభమొకటి నిలిచి ఉన్నది. దానిమీద రాజు బొమ్మ లేదు, గుర్రం మీద యోధుడు లేడు. అందువల్లనే కాబోలు, తల తిప్పి చూసేవారు అరుదు. అయినా చెన్నపట్నపు రేవుపేటను తెలుసుకోదలచినవారు మొదట చూడవలసినది ఈ స్తంభాన్నే. ఇది 1773లో నాటిన సరిహద్దు గురుతు. ఈ గీత దాటి కోట వైపు ఎవరూ ఇల్లు కట్టరాదని చెప్పడానికి ఆంగ్ల కుంఫిణీ వరుసగా నాటించిన స్తంభాలలో నేటికి మిగిలినది ఇదొక్కటే.

ఆ ఆజ్ఞ వెనుక కూలగొట్టిన ఊరొకటి ఉన్నది. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని అనుమతితో కుంఫిణీవారు ఇక్కడ దిగినప్పుడు వారికి దుబాసీగా వ్యవహారం నడిపినవాడు బేరి తిమ్మన్న. నాయకుని తండ్రి చెన్నప్ప పేరిట ఊరికి చెన్నపట్నమని పేరు వచ్చిందని ప్రసిద్ధి. కోటకు ఉత్తరాన, నేడు ఉన్నత న్యాయస్థానమూ పూర్వపు న్యాయకళాశాల భవనమూ ఉన్న నేలమీద, నేతగాళ్లతో, వర్తకులతో, పడవవాళ్లతో పాతపేట పెరిగింది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొన్నారు. 1749లో తిరిగి అప్పగించారు. కోట గోడకు దగ్గరగా ఇళ్లుంటే వాటి చాటున శత్రువు ఫిరంగులు నిలుపుకొంటాడన్న సంగతి ఈ యుద్ధంలో ఇరుపక్షాలకూ తెలిసివచ్చింది. పాతపేటలో కొంత భాగాన్ని ఫ్రెంచివారు నేలమట్టం చేశారు, మిగిలినదానిని తరువాత ఆంగ్లేయులే తొలగించారు. జనం ఉత్తరాన ఉన్న ముత్యాలపేటకు, పెద్దనాయకన్‌పేటకు తరలిపోయారు. ఊరి కావలి బాధ్యత వహించిన పెద్దనాయకుని పేరు ఆ రెండవ పేటకు ఇప్పటికీ నిలిచి ఉన్నది.

పాతపేటతోపాటు దాని నడుమ ఉన్న చెన్నకేశవ ఆలయం కూడా 1757లో పడిపోయింది. యుద్ధభయం కొంత తగ్గిన తరువాత, కుంఫిణీ ఇచ్చిన మారు స్థలంలో, మణలి ముత్తుకృష్ణ మొదలియారు వంటి పెద్దల పూనికతో, చెన్నకేశవునికీ చెన్నమల్లేశ్వరునికీ పక్కపక్కనే రెండు గుడులు వెలిశాయి. పూకడై దగ్గర దేవరాజ మొదలి వీధిలో అవి నేటికీ నిత్యపూజలతో ఉన్నాయి. భక్తులలో పలువురు ఈ గుడిని ఇక్కడే పుట్టినదిగా భావిస్తారు. న్యాయస్థానపు ఆవరణలో ఒకప్పుడు గోపురం ఉండేదంటే ఆశ్చర్యపోతారు.

ఈ రెండింటిని కలిపి చూసినప్పుడు ఈ పాఠానికి అవసరమైన తొలి మెలకువ చేతికి వస్తుంది. స్మారకాన్ని చూసి ‘ఇది ఎవరిది’ అని అడగడం అందరికీ అలవాటు. ‘ఇది మొదటినుండీ ఇక్కడే ఉన్నదా? కదిలితే ఎవరు కదిలించారు, ఎందుకు?’ అన్నది అంతకంటె ఎక్కువ చెప్పే ప్రశ్న. చెన్నపట్నపు రేవుపేటలో కదలని రాయి తక్కువ.

దీపస్తంభాల సంగతే తీసుకోవచ్చు. చెన్నపట్నానికి సహజమైన రేవు లేదు. ఓడలు దూరాన సముద్రంలోనే లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలమీద వంగుతూ లేస్తూ సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవి. ఇటువంటి తీరానికి దీపం ప్రాణావసరం. తొలి దీపాన్ని 1796లో కోటలోని ఒక భవనం కప్పుమీద కొబ్బరినూనె వత్తులతో వెలిగించారు. రెండవది 1844 జనవరి 1న వెలిగింది. పల్లావరం నల్లరాతితో కట్టిన ఆ ఎత్తైన గ్రీకు తరహా స్తంభం న్యాయస్థానపు ఆవరణలో ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1894లో దీపం పక్కనే కొత్తగా లేచిన న్యాయస్థానపు శిఖరంమీదికి ఎక్కింది. 1977లో మెరీనా తీరానికి వెళ్లిపోయింది. దీపం పోయినా స్తంభం మిగిలింది. దానిని ఎవరి గౌరవార్థమూ కట్టలేదు, పనికోసం కట్టారు. విగ్రహాల చుట్టూ రేగిన తగవులేవీ దానిని తాకకపోవడానికి ఇదే కారణమని తోస్తుంది.

తగవు తాకిన గురుతు అక్కడికి కొద్ది అడుగుల దూరంలోనే ఉన్నది. పూర్వపు న్యాయకళాశాల ఆవరణలో సూదిగా పైకి లేచిన సమాధి ఒకటి కనిపిస్తుంది. అందులో ఉన్నవారు జోసెఫ్ హిన్మర్స్ అనే కుంఫిణీ ఉద్యోగి, ఎలీహు యేల్ కుమారుడైన బాలుడు డేవిడ్. 1687 నుండి 1692 వరకు కోటకు గవర్నరుగా ఉన్న ఈ యేల్ పేరే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఆయన కాలంలో ఇక్కడి ఓడలపై బానిసలను పంపినట్లు కోట దస్తావేజులే చెబుతున్నాయి. ఒకప్పుడు ఇక్కడ ఆంగ్లేయుల శ్మశానం ఉండేది. మిగిలిన సమాధుల పలకలను కోటలోని సెయింట్ మేరీ చర్చి ఆవరణకు తరలించినా, ఇది మాత్రం చోటు మారలేదు. కేంద్ర రక్షిత స్మారకానికి చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. న్యాయస్థానానికి వచ్చేవారి వాహనాలకు చోటు చాలక బహుళ అంతస్తుల కట్టడం తలపెట్టినప్పుడు ఈ సమాధి అడ్డు వచ్చింది. దీనిని వేరొక చోటికి తరలించమని 2023లో ఉన్నత న్యాయస్థానపు ఏకసభ్య ధర్మాసనం ఆదేశించింది. వివాదం అంతటితో ముగియక పై ధర్మాసనానికి చేరింది.

ఇందులో ఇరువైపులా బరువు ఉన్నది. దూరపు ఊళ్ల నుండి వాయిదాకు వచ్చే కక్షిదారుకు బండి నిలిపే చోటు చిన్న విషయం కాదు. బానిసల వ్యాపారంతో ముడిపడిన పేరును కాపాడడం దేనికన్న మాటా తోసివేయదగినది కాదు. అయితే ఈ సమాధి విలువ యేల్ గొప్పతనంలో లేదు. పాతపేట, దాని అంచున శ్మశానం, ఆ తరువాతి మైదానం, కళాశాల, ఇవన్నీ ఒకే నేలమీద పొరలు పొరలుగా ఉన్నాయని చూపే మేకు అది. దానిని పీకి మరొకచోట పాతితే రాయి మిగులుతుంది గాని సాక్ష్యం మిగలదు.

తరలింపుతో ఏమి పోతుందో తెలియాలంటే కార్న్‌వాలిస్ విగ్రహపు ప్రయాణం చూడాలి. 1792లో టిప్పు సుల్తానును లొంగదీసి, అతని ఇద్దరు చిన్న కొడుకులను జామీనుగా తీసుకొన్నవాడు కార్న్‌వాలిస్. థామస్ బ్యాంక్స్ చెక్కిన పాలరాతి విగ్రహం 1800లో వచ్చింది. పీఠంమీద ఆ బాలుర అప్పగింత దృశ్యమే చెక్కి ఉన్నది. మొదట కోటలోని కవాతు మైదానంలో నిలిపారు. 20వ శతాబ్ది తొలి దశకంలో రేవుకు ఎదురుగా ఉన్న బెంటింక్ భవనం ముందరికి తెచ్చారు. ఉప్పుగాలికి పాలరాయి చెడుతున్నదని 1920లలో ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి మార్చారు. చివరకు కోటలోని సంగ్రహాలయమే దానికి ఇల్లయింది. తొలి దీపం వెలిగినది ఆ సంగ్రహాలయ భవనం కప్పుమీదనే కావడం యాదృచ్ఛికం. ఇక అతని జ్ఞాపకార్థం తేనాంపేటలో కట్టిన రాతి మంటపాన్ని కూడా విప్పి రేవు వీధికి తెచ్చారు. మంటపం వెళ్లిపోయినా తేనాంపేటలో సెనోటాఫ్ రోడ్డు అన్న పేరు మాత్రం ఉండిపోయింది. ఆ పేరుకు అర్థం ఖాళీ సమాధి. ఇప్పుడక్కడ ఆ ఖాళీ సమాధి కూడా లేదు!

బెంటింక్ భవనం కూడా ఇప్పుడు లేదు. ఆ చోట జిల్లా కలెక్టరు కార్యాలయం ఉన్నది. దానికి సింగారవేలర్ మాళిగై అని పేరు. 1923 మే 1న, దేశంలోనే మొదటిసారిగా, న్యాయస్థానానికి ఎదుటి సముద్రతీరంలో మేడే సభ జరిపినవాడు ఈ సింగారవేలరే. టిప్పును గెలిచిన ప్రభువు నిలిచిన చోట కూలివాని పక్షాన నిలిచినవాని పేరు వెలసింది. ఈ మార్పు వెనుక ఉన్న నూరేళ్ల కథ బాటసారికి తెలియాలంటే రెండు పేర్లూ ఒకేచోట కనిపించాలి. విగ్రహాన్ని తరలించక తప్పనప్పుడు, అది నిలిచిన పాతచోట ఏమి ఉండేదో, ఎందుకు వెళ్లిందో చెప్పే చిన్న ఫలకమైనా ఉంచడం పురపాలకుల బాధ్యత. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

అన్ని తరలింపులూ ఒకటి కావు. 1857లో కాశీ, అలహాబాదు ప్రాంతాలలో విచక్షణ లేకుండా ఉరితీతలు సాగించిన నీల్ విగ్రహం మౌంట్ రోడ్డుమీద ఉండేది. దానిని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. పలువురు జైలుకు వెళ్లారు. 1937లో రాజాజీ మంత్రివర్గం దానిని సంగ్రహాలయానికి పంపింది. పగలగొట్టలేదు, దాచిపెట్టలేదు, గౌరవపీఠం నుండి దించి సాక్ష్యంగా మార్చింది. అదే కాలంలో కోటకు పక్కనే దీవి మైదానంలో ఉన్న థామస్ మన్రో గుర్రాన్ని ఎవరూ కదిలించలేదు. దత్తమండలాల కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు బళ్లారి, కడప సీమల ఊరూరా తిరిగి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకొన్న రైతువారీ పద్ధతికి ఆద్యుడైన మన్రో, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో పూడ్చిన ఎముకలను తరువాత సెయింట్ మేరీ చర్చికి తెచ్చారు. రాయలసీమ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఆయన పేరు పరాయిది కాదు. ఆయన కూడా పరాయి ప్రభుత్వపు మనిషే, శిస్తు భారం మోపినవాడే. అయినా జనం ఇద్దరినీ ఒకే గాటన కట్టలేదు. ఏ విగ్రహం దిగాలో ఏది ఉండాలో నాటి ప్రజలు గుడ్డిగా తేల్చలేదని ఇది చూపుతుంది.

న్యాయస్థానపు తూర్పు గోడ దగ్గర మరొక చిన్న పలక ఉన్నది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ రేవు దగ్గరి చమురు తొట్లపై గుండ్లు కురిపించినప్పుడు ఒకటి ఇక్కడ పడిందని దాని సారాంశం. ఆ నౌక పేరు మాత్రం పలకకంటె గట్టిగా నిలిచింది: గడుసువానిని, కొరకరాని కొయ్యను తమిళంలో నేటికీ ‘ఎమ్డెన్’ అంటారు.

ఇంతవరకు చెప్పినవన్నీ పాలకుల గురుతులో పాలకుల యుద్ధాల గురుతులో అయినవే. రేవును కట్టిన చేతుల గురుతేది? 1875లో మొదలైన రేవు గోడలను 1881 నవంబరు తుపాను ముక్కలు చేసింది. మళ్లీ కట్టారు. 1904 తరువాత ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ముఖద్వారం దిశనే మార్చి దానికి నేటి రూపం ఇచ్చాడు. ఆయన పేరిట స్ప్రింగ్ హావెన్ రోడ్డు ఉన్నది. రాళ్లు మోసినవారి పేర రోడ్డు లేదు. వారిని తలపించే శిల్పం చూడాలంటే దక్షిణంగా మెరీనాకు వెళ్లాలి. అక్కడ దేవీప్రసాద్ రాయ్‌చౌధురి రూపొందించిన శ్రమవిజయం 1959లో నెలకొన్నది. నలుగురు మనుషులు పెద్ద బండను కదిలించబోతున్నారు. బండ ఇంకా కదలలేదు. వెన్నెముకలు వంగి, పిక్కలు బిగిసి, నలుగురి బలమూ ఒకే బిందువు వద్ద చేరుతుంది. ముఖాలలో విజయగర్వం లేదు. నగరంలోని కంచు శిల్పాలలో దీనికి సాటి రాగలది మరొకటి ఉన్నదా అన్నది అనుమానమే. అయితే అది మూటలు మోసిన చోట గాక, సాయంకాలం జనం షికారు చేసే చోట నిలిచింది. ‘ఎక్కడ’ అన్న ప్రశ్న దీనికీ వర్తిస్తుంది.

శిల్పం లేనిచోట పేర్లే స్మారకాలు. రేవుపేటలో తెలుగువారి ఉనికి ఎక్కువగా ఈ రూపంలోనే మిగిలింది. ఉప్పు నిలువచేసిన సాల్ట్ కొటార్స్ పేరులోని కొటారు తెలుగు చెవికి వెంటనే అర్థమవుతుంది. లింగిచెట్టి వీధి పేరు ఉత్తరాల చిరునామాలలో రోజూ పలుకుతున్నది. బ్రాడ్వే అన్న వీధి ఇప్పుడు ప్రకాశం సాలై. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బహిష్కరణ దినాన, ఈ పారిస్ కార్నర్ ప్రాంతంలోనే పోలీసు కాల్పులు జరిగాయి. పడిపోయినవానిని చూడడానికి వెళ్తున్న టంగుటూరి ప్రకాశాన్ని తుపాకులు అడ్డగించగా ఆయన రొమ్ము చూపి నిలిచాడు. పేరు పలికేవారిలో ఎందరికి ఆ రోజు గుర్తున్నదో గాని, వీధి మాత్రం సరైన చోటనే ఉన్నది.

కాబట్టి తెలుగు పిల్లలను ఈ పేటకు తీసుకువెళ్లే ఉపాధ్యాయులు, పెద్దలు విగ్రహాల ముందు మాత్రమే ఆగనక్కరలేదు. పాత పలకలమీద సున్నం కొట్టరాదని, ప్రకటన కాగితాలు అతికించరాదని, అక్షరాలు కనిపిస్తే ఫోటో తీసి చోటుతో సహా రాసిపెట్టుకోవాలని అక్కడే చెప్పవచ్చు. ముత్యాలపేట వైపు వెళ్తే బందరు వీధి వస్తుంది. సుమారు 1839లో, అంటే దీవి మైదానంలో మన్రో విగ్రహం ఆవిష్కరణ జరిగిన కాలంలోనే, తిరువయ్యారు నుండి వచ్చిన త్యాగరాజస్వామి ఆ వీధిలో కోవూరు సుందరేశ మొదలియారు ఇంట బస చేశారు. చెన్నపట్నపు రసికులు ఆయన తెలుగు కీర్తనలను ఆయన నోటనే విన్నది అక్కడే.