ఊడ్చిన యిల్లు చాలదు

నూతన సంవత్సరారాధనలో మోకాళ్లూని, ఇకమీదట కోపపడనని, అబద్ధమాడనని, పొగ త్రాగనని ప్రతిజ్ఞచేసి, సంక్రాంతి వెళ్లకమునుపే పూర్వపు బాట పట్టు సోదరులారా, మీ సంకల్పము దుర్బలమని క్రుంగిపోకుడు. విడిచినదాని తావున వేరొకటి నిలుపకపోవుటయే అసలు లోపము. మత్తయి సువార్తలో ప్రభువు చెప్పిన యిల్లు ఊడ్చి అలంకరింపబడియే యుండెను గాని, శూన్యముగా నుండుటచేత, వెడలిపోయిన అపవిత్రాత్మ తనకన్న చెడ్డవైన మరి యేడింటిని వెంటబెట్టుకొని తిరిగివచ్చెను.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, దొంగను దొంగతనము మానుమనుటతో తృప్తిపడక, ఆ చేతులతోనే కష్టపడి అక్కరలోనున్నవానికి పంచిపెట్టుమనెను. యెరికో సుంకరి జక్కయ్యయు అన్యాయార్జన మానెదనని ఊరకుండక, ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగా గొన్నదానికి నాలుగింతలును ఇచ్చెదనని నిలిచి పలికెను. సంకల్పము క్రియారూపము దాల్చినప్పుడే మనలో నాటుకొనునని మనశ్శాస్త్రజ్ఞుడు విలియం జేమ్సు 1890 నాటి గ్రంథమున చెప్పినదియు ఇంచుమించుగా నిదియే.

నా మట్టుకు నాకు శరణమైనది మన తెలుగు సంఘములలో గృహిణులు పాటించు పిడికెడు బియ్యపు ఆచారము. ఎసట బియ్యము పోయుటకు పూర్వమే ఒక పిడికెడు దేవుని పేర వేరు కుండలో వేయుదురు. చందా పుస్తకము కనబడగానే పెరటిదారి వెదకు లోభినైన నేను, ఈ పనిని ఇల్లాలికి వదలక స్వయముగా చేపట్టితిని. తిన్నపిమ్మట మిగిలినది ఇచ్చుట సులభము. ముందుగా తీసిపెట్టుటలో పొరుగువాని యాకలి మన యాకలికన్న ముందు వరుసలో కూర్చుండును. నేటికిని కుండ చెంతకు వచ్చుసరికి నా పిడికిలి కొంచెము సన్నగిల్లుచునే యుండును. అప్పుడు సిగ్గుపడి మరల నింపుకొందును. ఆ బియ్యమును అప్పుడప్పుడు నేనే బీదల యిండ్లకు మోసికొనిపోవుదును; గుడిసె గుమ్మమున వృద్ధురాలి దగ్గు విన్నపిమ్మట బజారులో కూరలమ్మితో కానీకై కలహించుటకు నోరు రాదు.

ఇచ్చి ప్రతిఫలము కోరుట మాత్రము వర్తకమే. ధాత నామ సంవత్సరమున వచ్చిన గొప్ప కరవునాడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు దీసికొని క్షుద్బాధితులకు కూలి కల్పించెను గాని, అన్నమునకై మతములో చేరిరను మాట రాకుండ, కరవు తీరువరకు బాప్తిస్మములను నిలిపివేసెను.

వేకువ ప్రార్థన, వాక్యపఠనము, దుస్సాంగత్యత్యాగము, మితభోజనము — అన్నియు మంచివే, చేయుడు. కాని గుడిలో కన్నీరు కార్చి గుమ్మమునొద్ద బిచ్చగానిని కసరువాడా, నీ వాక్యపఠనమెందులకు? నీ దుర్గుణము నాలుకదైనచో దానిని రోగిని పరామర్శింప నియోగింపుము. కాలు సారాదుకాణమువైపు సాగు వేళకే దానిని ఆసుపత్రికి నడిపింపుము. తప్పినచో మరునాడే మరల మొదలిడుము. అలవాటు సడలుటకు కాలము పట్టును గాని, ఆకలిగొన్నవానికి నీవు పరిపూర్ణుడవగువరకు ఆగు తీరిక లేదు.