కొట్టం నుంచి సంత దాకా హలాల్

దివ్య ఖుర్ఆన్‌లోని 6వ సూరా పేరు ‘అల్ అన్ఆమ్’. అంటే పశువులు అని అర్థం. 16వ సూరా అన్ నహ్ల్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, పశువుల వల్ల మనకు లభించే వెచ్చదనాన్ని, ఆహారాన్ని, అవి బరువులు మోసే సేవను పేర్కొన్నాడు. ఉదయం మేతకు తోలుకెళ్ళేటప్పుడు, సాయంత్రం ఇంటికి మళ్ళించుకొచ్చేటప్పుడు మందలో కనిపించే అందాన్ని కూడా ప్రస్తావించాడు. కనుక పశువు మన సొత్తు మాత్రమే కాదు, మనకు అప్పగించబడిన అమానత్ కూడా.

హలాల్ అనగానే మనకు జిబహ్ గుర్తుకొస్తుంది. అల్లాహ్ పేరు పలికారా, రక్తం పూర్తిగా కారిందా అని అడుగుతాం. తప్పక అడగవలసిందే. కాని ఆ పశువును ఎలా పెంచారు, ఏ మాట చెప్పి అమ్మారు అన్నవి కూడా విశ్వాసి వేసుకోవలసిన ప్రశ్నలే. మాంసం కోసం పశువులను పెంచి అమ్మే కుటుంబాల కోసం ఈ పాఠం.

మన రాష్ట్రాలలో 1977 నాటి చట్టం ఆవు వధను నిషేధించింది. ఇతర పశువుల వధకు అధికారి ధృవపత్రం తప్పనిసరి. కాబట్టి ఇక్కడ ఈ వ్యాపారం ప్రధానంగా గేదెలు, దున్నలతోనే సాగుతుంది. ఉదాహరణకు దున్నదూడ పెంపకాన్నే తీసుకుందాం.

దూడ హక్కు

పాడి ఇళ్ళలో పెయ్యదూడ పుడితే సంతోషం, దున్నదూడ పుడితే నిర్లక్ష్యం. పాలన్నీ పిండుకొని దూడను చేపు కోసం మాత్రమే వదులుతారు. అది కొద్ది వారాల్లో చిక్కిశల్యమై చనిపోతుంది. “మగదూడే కదా” అని ఊరుకుంటాం. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు పట్టినందుకు ఒకరికి క్షమాపణ లభించిందనీ, పిల్లిని కట్టేసి ఆకలితో చంపినందుకు మరొకరికి నరకశిక్ష పడిందనీ హదీసులు తెలుపుతున్నాయి. మరి మన గుంజకు కట్టి ఉన్న దూడ విషయంలో రేపు ఏం జవాబు చెబుతాం?

దూడ పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి ఆ పాల ద్వారానే అందుతుంది. దూడ బరువులో పదో వంతు పాలు రోజుకు అవసరం. 30 కిలోల దూడకు 3 లీటర్లు. ఒక్కసారిగా కాక, రెండు మూడు పూటలుగా పట్టాలి. గేదె దూడలకు తల్లి పాల ద్వారానే నట్టలు సంక్రమిస్తాయి. కాబట్టి 10 నుంచి 14 రోజుల వయసులో పశువైద్యుని సలహాతో మొదటిసారి నట్టల మందు తాగించాలి. ఈ రెండు జాగ్రత్తలతో ఎన్నో దూడలు బతుకుతాయి. నిర్లక్ష్యం వల్ల పాపం మూటగట్టుకోవడమే కాదు, రేపు చేతికి రావలసిన ఆదాయాన్నీ పోగొట్టుకుంటున్నాం.

మేత, ఆరోగ్యం

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడి ఒంటె ఆయన్ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాన్ని నిమిరి, యజమానిని పిలిపించి, ఆకలితో మాడుస్తూ చాకిరీ చేయిస్తున్నందుకు మందలించారు. ఈ సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

దున్నకు ఎండుగడ్డి ఒక్కటే చాలదు. పచ్చిగడ్డి, కొంత దాణా, ఖనిజ లవణాలు కూడా కావాలి. గేదె జాతికి చెమట గ్రంథులు తక్కువ. అందుకే ఎండాకాలంలో నీడ, ఒంటిమీద నీళ్ళు లేదా చెరువులో మునక దానికి అవసరం. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు వేయించాలి. జబ్బుచేసి మందులు వాడిన పశువును, వైద్యుడు చెప్పిన గడువు ముగిసేదాకా కోతకు అమ్మకూడదు. ఆ మందు అవశేషాలు మాంసం తిన్నవారి ఒంట్లోకి చేరతాయి.

సంతలో పరీక్ష

అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పి లోపాలను బయటపెడితే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు బోధిస్తోంది. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉంది.

అమ్మకానికి ముందు పాలు పిండకుండా ఆపి, పొదుగును పెద్దదిగా చూపడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయిన వ్యక్తికి పశువును తిరిగి ఇచ్చే హక్కు కల్పించారు. నేడు కాటాకు ఎక్కించే ముందు ఉప్పు తినిపించి కడుపునిండా నీళ్ళు తాగించడం కూడా అటువంటి మోసమే. తూకంలో మోసగించే వారిని 83వ సూరా తీవ్రంగా హెచ్చరిస్తోంది.

కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాట పాడడం నిషిద్ధం. సరుకు తెచ్చేవారిని సంత చేరకముందే దారిలో అటకాయించి, ధర తెలియనీయకుండా కొనడమూ నిషిద్ధమే. తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరమాడడం మన సంతల్లో పాత పద్ధతి. అది తప్పు కాదు. కాని దళారి యజమానికి ఒక ధర చెప్పి, కొనేవాడి దగ్గర ఇంకో ధర తీసుకొని, తేడాను దాచుకుంటే అది ద్రోహం.

తాను మోసపోకుండా ఉండడం కూడా వివేకమే. కాటా లేనిచోట బరువు అంచనా కట్టడానికి ఒక లెక్క ఉంది. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవును అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపైన పొడవుతో గుణించి 660తో భాగించండి. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే బరువు సుమారు 273 కిలోలు. అందులో మాంసం, ఎముక కలిపి దాదాపు సగం వస్తుంది. ఈ లెక్క తెలిసిన రైతు చూపు బేరంలో నష్టపోడు.

రవాణా, జిబహ్

1978 రవాణా నియమాల ప్రకారం ఒక లారీలో 6 పశువులకు మించి ఎక్కించకూడదు. పశువైద్యుని ధృవపత్రం ఉండాలి. కొనుగోలు రసీదు కూడా వెంట ఉంచుకోండి. కాళ్ళు కట్టి, ఒకదానిపై ఒకటి కుక్కి తీసుకెళ్ళడం చట్టరీత్యా నేరం, షరీఅత్ రీత్యా దౌర్జన్యం. జిబహ్ సమయంలో కత్తి పదునుగా ఉండాలని, పశువును బాధించవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు.

జకాత్

అమ్మాలనే ఉద్దేశంతో కొన్న పశువులు వ్యాపార సరుకు కిందికి వస్తాయి. నిసాబుకు చేరి ఏడాది పూర్తయితే, ఆనాటి మార్కెట్ ధరపై రెండున్నర శాతం జకాత్ చెల్లించాలి. మందలోని సరుకు విలువ 4,00,000 రూపాయలైతే జకాత్ 10,000 రూపాయలు. ఇంట పుట్టిన దూడలు, బయట మేసే మందల లెక్క వేరు. వాటి గురించి దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్ళి చూడండి. దూడ కడుపు నిండిందా? తొట్టిలో నీళ్ళున్నాయా? రేపు సంతలో చెప్పకుండా దాచాలనుకున్న లోపం ఏదైనా ఉందా? ఉంటే, చెప్పేసే అమ్ముదాం. ధర కొంత తగ్గవచ్చు. కాని ఆ డబ్బుతో మన పిల్లలు తినే ముద్ద నిష్కల్మషంగా ఉంటుంది. అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనను, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.