సిమెంటు మంటా? సిమెంటు ఎలర్జీనా?

ప్లాస్టరింగ్ మొదలుపెట్టిన కొద్దిరోజులకే చేతులు ఎండిపోయి, పగుళ్లిచ్చి మండుతుంటే తాపీ పనివాళ్లు ‘సిమెంటు తినేసింది’ అని సరిపెట్టుకుంటారు. రాత్రి కాస్త కొబ్బరినూనె రాసుకుని, పొద్దున్నే మళ్లీ మాల్ కలపడానికి దిగుతారు. చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది. కొందరికి మాత్రం ఎంత నూనె రాసినా తగ్గదు. దురద ముంజేతుల దాకా పాకుతుంది, నీరు కారుతుంది, రాత్రుళ్లు నిద్ర ఉండదు. చేతులు చూస్తే ఇద్దరివీ ఒకేలా కనిపించవచ్చు. జబ్బు మాత్రం ఒకటి కాదు. మొదటివాడు జాగ్రత్తలు పాటిస్తూ అదే పని చేసుకోవచ్చు. రెండోవాడికి ఆ జాగ్రత్తలు చాలవు. అందుకే మందు కంటే ముందు తేల్చుకోవలసింది మనకు వచ్చింది మంటా, ఎలర్జీనా అన్నది.

మంట సంగతి తేలికే. నీళ్లు కలిపిన సిమెంటు ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటి ఉంటుంది. చర్మం మీద ఉండే జిడ్డును లాగేసి, పైపొరను కొరికేస్తుంది. మేస్త్రి అని, కూలీ అని చూడదు. ఎవరి చెయ్యి తగిలినా అంతే. స్లాబు వేసేటప్పుడు తడి కాంక్రీటులో మోకాళ్లూనినా, బూటులోకి మాల్ జారినా అప్పటికప్పుడు పెద్దగా నొప్పి తెలియదు. సాయంత్రానికి బొబ్బలెక్కి లోతైన పుండు పడుతుంది. అది కాలిన గాయమే. ధారగా నీళ్లు పోసి బాగా కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి.

ఎలర్జీ తెచ్చేది సిమెంటులో లేశమాత్రంగా ఉండే క్రోమియం. సున్నపురాయి, బంకమట్టితో పాటు అది బట్టీలోకి చేరుతుంది. సుమారు 1450 డిగ్రీల వేడిలో అందులో కొంత నీళ్లలో కరిగే క్రోమేటుగా మారుతుంది. నీళ్లు పోసి మాల్ కలపగానే కరిగి, క్షారం ముందే గుల్ల చేసి పెట్టిన చర్మంలోకి దిగుతుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని ఒక్కసారి పగవాడిగా గుర్తుపెట్టుకుందంటే మరిచిపోవడం దాదాపు ఉండదు. ఆ తర్వాత కొంచెం తగిలినా ఎగ్జిమా రేగుతుంది.

ఈ గుట్టు బయటపడి చాలా కాలమైంది. స్విట్జర్లాండులో జేగర్, పెలోని అనే వైద్యులు 1950లోనే సిమెంటు ఎగ్జిమా రోగుల చర్మం డైక్రోమేటుకు ప్రతిస్పందిస్తోందని చూపించారు. డెన్మార్క్ 1981 నుంచి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపించి క్రోమేటు విషాన్ని విరిచింది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి కిలో సిమెంటులో కరిగే క్రోమియం 2 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. అక్కడ తాపీ పనివాళ్లలో క్రోమేటు ఎలర్జీ తగ్గింది. నిల్వ ఉన్నకొద్దీ, తేమ తగిలినకొద్దీ ఆ ఫెర్రస్ సల్ఫేట్ పట్టు సడలుతుంది కాబట్టి, అక్కడి బస్తాల మీద దాని గడువు కూడా వేస్తారు. మనం బస్తా మీద తేదీ చూసేది గోడ బలం కోసం. చేతుల కోసం చూడటం ఇంకా అలవాటు కాలేదు.

‘పదేళ్లుగా ఇదే సిమెంటు ముట్టుకుంటున్నా, ఇప్పుడెందుకు పడదు?’ అని చాలామంది అడుగుతారు. ఎలర్జీ తీరే అంత. మొదటి రోజే రాదు. నెలలో, ఏళ్లో మౌనంగా తయారై ఒకనాడు బయటపడుతుంది. కాబట్టి ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్న మాట ఎలర్జీ కాదనడానికి రుజువు కాదు. రోజు, చోటు, తోటివాళ్లు: ఈ మూడింటినీ గమనించండి. మంటైతే తగిలిన చోటే, తగిలిన కొద్దిసేపటికో ఆ పూటకో తెలుస్తుంది. అదే పని చేసిన పక్కవాళ్లకూ ఎంతో కొంత ఉంటుంది. ఎలర్జీ అయితే ఒకటి రెండు రోజులు ఆగి రేగుతుంది, తగలని చోటికీ పాకుతుంది, గుంపులో ఒకరినో ఇద్దరినో పట్టుకుంటుంది. పండక్కి ఊరెళ్లి పది రోజులుంటే మంట చాలావరకు మానుతుంది. ఎలర్జీ మానినట్టే ఉండి, పనిలోకి దిగిన రెండో రోజుకల్లా తిరగబెడుతుంది.

ఊళ్లో ఉన్నా తగ్గకపోతే కాళ్లవైపు చూడండి. తోలు చెప్పులు, బూట్లు చాలావరకు క్రోమియంతో పదును చేసిన తోలువే. క్రోమేటు పడనివాడికి సెలవులోనూ సెలవుండదు.

ఈ గుర్తులు అనుమానం వరకే. తేల్చేది ప్యాచ్ పరీక్ష. 1895లో యాడాసోన్ అనే జర్మన్ వైద్యుడు ప్రవేశపెట్టిన పద్ధతి ఇది, నేటికీ అదే ఆధారం. అనుమానమున్న పదార్థాలను సరైన మోతాదులో చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి వీపు మీద అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, మరో ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. రెండోసారి వెళ్లకుండా ఎగ్గొడితే పరీక్ష సగమే అయినట్టు. ఆలస్యంగా తేలే ఎలర్జీలు తప్పిపోతాయి. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. అందుకే మండు వేసవిలో కంటే చలికాలం మేలు. స్టెరాయిడ్ మాత్రలు గానీ, వీపుకు స్టెరాయిడ్ పూత గానీ వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. బోధనాసుపత్రుల చర్మవ్యాధుల విభాగంలో ఈ పరీక్ష గురించి అడగండి. మోచేతి మడతలో సిమెంటు ముద్ద పెట్టుకుని సొంతంగా పరీక్షించుకోవడం మాత్రం వద్దే వద్దు. అక్కడ కాలుతుంది తప్ప ఏమీ తేలదు.

పరీక్షలో నేరస్తుడు వేరే అని తేలడమూ ఉంది. రబ్బరు గ్లవ్స్ తయారీలో వాడే థయురామ్ రసాయనాలు కొందరికి పడవు. గ్లవ్స్ వేసుకున్నాకే ఎక్కువైందంటే వాటినీ అనుమానించాలి. టైల్స్ సందులు నింపే ఎపాక్సీ, గట్టిపడక ముందు, సిమెంటు కంటే గట్టి ఎలర్జీకారి. ఇక మందుల షాపులో అడిగితే ఇచ్చే, మూడు మందులు కలిపిన ట్యూబు. అందులో స్టెరాయిడ్ ఉంటే వారం పాటు హాయిగా ఉంటుంది. ఉన్నది తామరైతే లోలోపల పెరిగిపోతుంది. అందులో నియోమైసిన్ కూడా ఉంటే దానికే ఎలర్జీ రావచ్చు. డాక్టరు చెప్పకుండా ఆ ట్యూబు కొనకండి.

సిమెంటే కాదు, ఏ రసాయనంతో పనిచేసినా ముందే అడిగి తెలుసుకునే దారి ఒకటుంది. సరుకుతో పాటు కంపెనీ ఇవ్వాల్సిన సేఫ్టీ డేటా షీట్ తెప్పించుకోండి. రెండో భాగంలో ‘హెచ్ 317’ అని ఉంటే ఆ సరుకు చర్మానికి ఎలర్జీ తెప్పించగలదని అర్థం. ‘హెచ్ 315’ అయితే మంట మాత్రమే. ఈ ముద్ర ఊరికే వేయరు. ఒకప్పుడు గినీ పందుల మీద, తర్వాత ఎలుకల మీద పరీక్షించేవారు; ఇప్పుడు జంతువులతో పనిలేని, గాజు సీసాల్లో జరిపే పరీక్షలూ వచ్చాయి. మేస్త్రీ ఆ కాగితం ఎప్పుడూ చూడలేదంటే కాంట్రాక్టరును అడగాలి, కాంట్రాక్టరు డీలరును అడగాలి.

పనిలో జాగ్రత్త అంటే ముందు గ్లవ్స్. నూలువి మాల్ నీళ్లు పీల్చి చర్మానికి అంటిపెడతాయి, తోలువాటిలో క్రోమియమే ఉంటుంది. లోపల నూలు పొర ఉన్న పొడవాటి నైట్రైల్ గ్లవ్స్ కొనండి. లోపలికి మాల్ జారితే వెంటనే తీసి కడగండి, లేదంటే అసలు వేసుకోకపోవడమే నయం. తాపీలు కడిగిన బకెట్లో చేతులు కడగొద్దు. ఇసుకతో రుద్దడం, థిన్నరుతో తుడవడం కూడా మానేయండి. మంచినీళ్లు, మెత్తటి సబ్బు, ఆరాక వాసెలిన్ లేదా కొబ్బరినూనె చాలు. ఇదంతా మంట ఉన్నవాళ్లకు సరిపోయేది. క్రోమేటు ఎలర్జీ అని తేలినవాళ్లు తడి సిమెంటు పని నుంచి తప్పుకుని సెంట్రింగో, రాడ్ బెండింగో, కరెంటు పనో చూసుకోవడం మంచిది. చెప్పడం తేలికే, కూలీ రేటు తగ్గుతుందని నాకూ తెలుసు. అయినా ఆలస్యం చేసినకొద్దీ ఎగ్జిమా ముదిరిపోయి, పని మానేశాక కూడా ఏళ్ల తరబడి వదలని సందర్భాలున్నాయి.

క్రోమియం వల్ల వచ్చే జబ్బులూ, రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధులూ 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధులుగా ఉండేవి. 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడులోనూ ఆ జాబితా ఉంది. పరిహారం అడగాలంటే మాత్రం జబ్బు పనివల్లే వచ్చిందని చూపించే కాగితం కావాలి. ప్యాచ్ పరీక్ష రిపోర్టు, డాక్టరు చీటీలు, ఏ సైటులో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో రాసిన లెక్క భద్రంగా దాచుకోండి, వాటి ఫొటోలు ఫోనులో పెట్టుకోండి.