చలువ యంత్రం బిగించే కంట్రాక్టరుకు లైసెన్సు: హవాయి దీవుల్లో ఖర్చుల లెక్క

చలువ యంత్రం విలువ పాల సంఘాల సభ్యులకు కొత్తగా చెప్పనవసరం లేదు. పిండిన పాలను వేళకు 4 డిగ్రీల సెంటీగ్రేడుకు దించకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. బల్క్ కూలరు ఉన్న సంఘంలో కంప్రెసరు ఆగిందంటే కార్యదర్శికి ముందుగా వచ్చే చింత ఒక్కటే: ఎవరిని పిలవాలి? వచ్చిన మనిషికి పని తెలుసునని ఏమిటి నమ్మకం? ఈ ప్రశ్నకు చట్టం ద్వారా జవాబు చెప్పుకున్న ఒక ప్రాంతాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. అది పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి. అమెరికాలో ఒక రాష్ట్రమే గాని, ఆ దేశపు పడమటి తీరానికి సుమారు 3,800 కిలోమీటర్ల దూరాన ఉన్న ఉష్ణమండలపు దీవుల సముదాయం. పాడి పరిశ్రమ అక్కడ బాగా తగ్గిపోయింది. తాగే పాలలో ఎక్కువ భాగం ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో, చల్లని కంటైనర్లలో వస్తుంది. ఆ చలువ ఎక్కడ తప్పినా దీవిలో పాలు ఉండవు.

అమెరికాలో ఈ వృత్తిని వేడి, చలువ పని అని కలిపి పిలుస్తారు. హవాయిలో మటుకు గది వెచ్చబెట్టే పని బహు స్వల్పం. వోల్కనో గ్రామం వంటి ఎత్తైన చోట్ల తప్ప రాత్రిపూట కుంపటి అవసరం రాదు. అక్కడ వేడి అంటే ప్రధానంగా స్నానానికి వేడినీళ్ళు. 2008లో చేసిన చట్టం ప్రకారం 2010 నుంచి కొత్తగా కట్టే విడి ఇళ్ళకు, కొద్ది మినహాయింపులతో, సూర్యరశ్మితో నీళ్ళు కాచే యంత్రం తప్పనిసరి అయింది. దానిని బిగించటానికి లైసెన్సు తరగతి కూడా వేరే ఉన్నది.

ఇక లైసెన్సు విషయం. హవాయి చట్టాల్లో 444వ అధ్యాయం కంట్రాక్టర్లకు సంబంధించినది. దాని కింద కంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు పని చేస్తుంది. గాలి ప్రసారం, ఎయిర్ కండిషనింగ్ పనికి సి-52 అనే తరగతి. శీతల గదులు, రిఫ్రిజిరేషన్ పనికి సి-40. మన బల్క్ కూలరు వంటిది అక్కడ ఉంటే ఈ రెండవ దాని కిందికి వస్తుంది. కరెంటు పని సి-13, సూర్యరశ్మి వేడినీళ్ళ పని సి-61ఎ. ఒక తరగతి లైసెన్సు చేతిలో ఉన్నదని మరొక పనికి ఒప్పందం చేసుకోవటం కుదరదు.

లైసెన్సు కంపెనీకి ఇస్తారు గాని, దాని వెనుక బాధ్యత వహించే ఒక మనిషి పేరు ఉండి తీరాలి. ఆ మనిషి గడచిన పదేళ్ళలో కనీసం నాలుగేళ్ళు ఆ వృత్తిలో పనివారిపై అజమాయిషీ చేసి ఉండాలి. రెండు పరీక్షలు రాయాలి: ఒకటి వృత్తికి, రెండోది వ్యాపారం, చట్టం విషయాలకు. ఇతరులకు జరిగే నష్టానికీ, పనివారికి తగిలే దెబ్బలకూ బీమా చూపాలి. ప్రతి సరి సంవత్సరం సెప్టెంబరు 30 లోగా లైసెన్సును పునరుద్ధరించుకోవాలి. ఆ బాధ్యుడు కంపెనీ విడిచి వెళ్ళితే వేరొకరిని చూపించే దాకా లైసెన్సుకు ముప్పే.

ఈ చట్టంలో మాకు అన్నిటికన్నా పదునైనదిగా తోచింది మరొకటి. లైసెన్సు లేకుండా పని చేసిన కంట్రాక్టరు కూలి డబ్బు కోసం కోర్టుకు వెళ్ళినా రాదు. చట్టమే ఆ దారి మూసివేసింది. మరో వైపు, లైసెన్సు ఉన్న కంట్రాక్టరు వల్ల ఇంటి యజమాని నష్టపోతే కొంత మేరకు తీర్చటానికి ఒక నిధి ఏర్పాటు చేశారు. చవకకు ఆశపడి లైసెన్సు లేనివారిని పెట్టుకున్న యజమానికి ఆ నిధి వర్తించదు. ఎవరికి లైసెన్సు ఉన్నదీ, ఎవరి మీద ఏ ఫిర్యాదులు వచ్చినదీ ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంత తతంగం ఉన్నందువల్లనే అక్కడ చలువ పని ఖరీదైనదనే వారున్నారు. అందులో కొంత నిజం ఉన్నది. బీమా ఖర్చు, బాధ్యుడి జీతం చివరకు బిల్లులోకే వస్తాయి. చిన్న దీవుల్లో లైసెన్సు ఉన్నవారు తక్కువైతే పోటీ కూడా తక్కువే. పొరుగు దీవి నుంచి పనివాడు విమానంలో రావలసి వస్తే ఆ టికెట్టు ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా! కాని లెక్క పూర్తిగా వేసి చూస్తే అసలు బరువు మరెక్కడో ఉన్నది.

మొదటిది ఓడ కిరాయి. అమెరికా రేవుల మధ్య సరుకును ఆ దేశంలో కట్టిన, ఆ దేశపు వారి ఓడల్లోనే రవాణా చేయాలని 1920 నాటి జోన్స్ చట్టం శాసిస్తుంది. కంప్రెసరు, రాగి గొట్టం, చిన్న మర, ఏది కావాలన్నా సముద్రం దాటి రావలసిందే. రెండవది పన్ను. అక్కడి సాధారణ ఎక్సైజు పన్ను మూల రేటు 4 శాతం, దానిపై స్థానిక అదనపు వాటా. సరుకుకే కాదు, మరమ్మతు కూలికీ పడుతుంది. మూడవది ఉప్పుగాలి. సముద్రపు గాలి తగిలే చోట కండెన్సరు రేకులు త్వరగా తినేసుకుపోతాయి. పూత వేసిన కాయిళ్ళు కొనాలి, తరచు మంచినీళ్ళతో కడగాలి.

అన్నిటికన్నా పెద్దది కరెంటు. ఒక్కో దీవికి దాని కరెంటు దానిదే. ఒక దీవి నుంచి మరొక దీవికి సముద్రం అడుగున తీగలు లేవు. చాలా కాలంగా చమురు కాల్చే కరెంటు తీస్తున్నారు. ఓహూ దీవిలోని చివరి బొగ్గు కేంద్రం 2022 సెప్టెంబరులో మూతపడింది. ఈ మధ్య సంవత్సరాల్లో ఇళ్ళకు యూనిట్ ధర 40 సెంట్ల చుట్టుపక్కల ఉంటే, అమెరికా మొత్తం సగటు 16, 17 సెంట్లు. గంటకు ఒక యూనిట్ తినే యంత్రం రోజుకు 8 గంటలు తిరిగితే నెలకు 240 యూనిట్లు. హవాయిలో దానికి 96 డాలర్లు. మిగతా దేశంలో 40 డాలర్లకు అటూ ఇటూ. అదే యంత్రం కండెన్సరు మురికిపట్టి, లేదా గ్యాసు తగ్గి, నాలుగోవంతు కరెంటు అదనంగా లాగితే నెలకు మరో 24 డాలర్లు. ఏడాదికి 288. పని రాని మనిషికి తక్కువ కూలి ఇచ్చి మిగుల్చుకున్నది ఈ విధంగా మీటరు గుండా పోతుంది. బిగించిన రోజు బిల్లు ఒకసారే కట్టాలి. మీటరు బిల్లు నెలనెలా కట్టాలి.

గ్యాసు విషయంలో నియమం హవాయిది కాదు, అమెరికా అంతటికీ ఒకటే. 1994 నవంబరు నుంచి, పరీక్ష నెగ్గి కార్డు పొందినవారే ఈ యంత్రాల గ్యాసు గొట్టాలను విప్పాలి. గ్యాసును గాలిలోకి వదలకూడదు, సిలిండరులోకి తీసుకోవాలి. పాత యంత్రాల్లో ఉండే ఆర్-22 గ్యాసును కొత్తగా తయారు చేయటం, దిగుమతి చేసుకోవటం 2020 జనవరి 1 నుంచి అక్కడ నిలిచిపోయింది. పాత యంత్రాల నుంచి తీసి శుద్ధి చేసిన గ్యాసే దిక్కు. కారే చోటు మూయకుండా మళ్ళీ మళ్ళీ గ్యాసు నింపించుకోవటం అప్పటినుంచి మరీ నష్టపు బేరమైంది.

మన వైపు చూస్తే, కరెంటు పని కంట్రాక్టరుకు లైసెన్సు ఉన్నది గాని చలువ యంత్రం మెకానిక్కుకు హవాయి వంటి లైసెన్సు పద్ధతి లేదు. ఐ.టి.ఐ.లలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు నేర్పుతున్నారు. ఆ సర్టిఫికెట్టు చూపమనటంలో మొహమాటం అక్కరలేదు. చట్టం అడగని ప్రశ్నలను సంఘమే అడగవచ్చు. పని చెడితే బాధ్యత వహించే మనిషి ఎవరు? గ్యాసు ఎక్కడ కారినదీ కనిపెట్టి మూసిన తరువాతనే నింపారా? ఎన్ని కిలోలు నింపారు? జవాబులు తేదీతో సహా యంత్రం పుస్తకంలో రాయించి సంతకం తీసుకోవాలి. నోటిమాటగా జరిగిన మరమ్మతుకు మరుసటి నెలలో ఎవరూ జవాబుదారీ కారు.

ఆర్-22 మనకూ ఎల్లకాలం దొరికేది కాదు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మరమ్మతులకు కొద్ది పాలు మినహా 2030 నాటికి దానిని మానుకోవాలి. కనుక పాత కూలరు ఉన్న సంఘాలు యంత్రానికి కొట్టిన రేకు మీద ఏ గ్యాసు పేరు ఉన్నదీ, ఎన్ని కిలోలు పడుతుందని ఉన్నదీ చూసి రాసి పెట్టుకోవాలి. రేకు చెరిగిపోయి ఉంటే యంత్రం అమ్మిన వారిని అడిగి తెలుసుకోవచ్చు.