బలానికి కొలమానం ఏది?

నన్నయ గొప్పవాడా, తిక్కన గొప్పవాడా అనే ప్రశ్న తెలుగు తరగతిలో ఏటా ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. 11వ శతాబ్దపు కవినీ 13వ శతాబ్దపు కవినీ ఒకే త్రాసులో తూచడం ఉచితం కాదని, ఎవరి కాలం వారికి అప్పగించిన పని ఏమిటో ముందుగా తెలుసుకోవాలని మేము సమాధానం చెబుతాము. ఈ ఏడాది అదే ప్రశ్న బాస్కెట్‌బాల్ మైదానం అంచున మరో రూపంలో వినిపించింది. బిల్ రసెల్ గొప్పవాడా, మైకేల్ జోర్డాన్ గొప్పవాడా అని విద్యార్థులు వాదించుకుంటున్నారు. సాహిత్య విమర్శకు అవసరమైన వివేకమే ఇక్కడా అవసరమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రసెల్ 1969 వరకు 13 సీజన్లు ఆడి, 11 పర్యాయాలు విజేత జట్టులో నిలిచాడు. అతని ప్రతిభలో ప్రధాన భాగం ప్రత్యర్థి విసిరిన బంతిని అడ్డుకోవడంలో ఉంది. కాని అమెరికా వృత్తి క్రీడాసంఘం వాటిని అధికారికంగా లెక్కించడం 1973–74లో గాని ప్రారంభించలేదు. అప్పటికే రసెల్ ఆట విరమించాడు. అదేవిధంగా మూడు పాయింట్ల గీత 1979–80లో వచ్చింది. కనుక విల్ట్ ఛాంబర్లేన్ 1962లో ఒకే ఆటలో సాధించిన 100 పాయింట్లలో మూడు పాయింట్ల బుట్ట ఒక్కటి కూడా లేదు. పట్టికలో లేనంత మాత్రాన ప్రతిభ లేనట్లు కాదన్నది ఇందులో మనకు లభించే మొదటి పాఠం.

ఈ పాఠానికి ఉదాహరణ కోసం అమెరికా వెళ్లనక్కరలేదు. కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరు వినని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. వారి స్వగ్రామం వీరఘట్టం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆయన రొమ్ముపై ఏనుగును నిలుపుకొన్నారని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను తెంచారని, కదలబోయే మోటారు కార్లను పట్టి ఆపారని పెద్దలు చెప్పుకుంటారు. కలియుగ భీముడన్న బిరుదు ఆ కీర్తికి గుర్తు. 1942లో ఆయన కన్నుమూశారు. ఆ ఏనుగు బరువెంత, ఆ గొలుసు మందమెంత అని అడిగితే చేతికి అంకె దొరకదు. సర్కస్ డేరాలో ప్రేక్షకుని ఆశ్చర్యమే ఆనాటి కొలమానం.

ఆ కాలపు సంప్రదాయం మన భాషలోనే నిలిచి ఉంది. పహిల్వాన్, కుస్తీ, కసరత్తు, తాలీంఖానా, ఉస్తాద్ అనే మాటలు పారసీ, అరబ్బీ మూలాల నుండి ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడ్డాయి. తాలీం అంటే శిక్షణ. అక్కడ గురువు శిష్యుని కంటితో కొలిచేవాడే గాని, కిలోలతో తూచేవాడు కాదు.

ఇక రెండవ కాలానికి వద్దాము. సోంపేటలో రైలెక్కి దక్షిణంగా వెళితే శ్రీకాకుళం రోడ్డు స్టేషను వస్తుంది. ఆ స్టేషను ఉన్న ఆమదాలవలసకు చేరువలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరిగారు నీలంశెట్టి అప్పన్నగారి వద్ద బరువులెత్తడం అభ్యసించారు. 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం పొందారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. స్త్రీల బరువులెత్తే పోటీని ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టినది కూడా ఆ సంవత్సరమే. రామ్మూర్తిగారి కాలంలో అంతటి బలం గల బాలిక మన పల్లెల్లో పుట్టి ఉన్నా, ఆమెకు నిలబడే వేదికే లేదు.

ఇక్కడ అంకెలున్నాయి గదా, వివాదం తీరినట్లేనా? తీరదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి రజతం గెలిచింది. మొత్తం బరువు చూస్తే మల్లీశ్వరి 38 కిలోలు ముందున్నారు. విభాగపు బరువుతో భాగిస్తే మల్లీశ్వరికి సుమారు 3.5 రెట్లు, మీరాబాయికి 4.1 రెట్లు వస్తాయి. అయితే ఈ భాగహారం చిన్న శరీరం వైపు మొగ్గుతుంది. శరీరం పెరిగిన కొద్దీ బరువు ఘనపరిమాణాన్ని అనుసరించి, కండబలం అడ్డుకోత వైశాల్యాన్ని అనుసరించి పెరుగుతాయి. కనుక బలం బరువంత వేగంగా పెరగదు. ఈ లోపాన్ని సవరించడానికే సింక్లెయిర్ సూత్రం ఏర్పడింది. దాని గుణకాలను ప్రతి ఒలింపిక్ కాలావధికీ మళ్లీ సరిచూస్తారు.

సమకాలికులతో పోల్చడం మూడవ మార్గం. సిడ్నీలో విజేత ఎత్తినది 242.5 కిలోలు, మల్లీశ్వరికి తేడా 2.5 కిలోలు. నాటి నియమాల ప్రకారం పోటీలో పెంచగల కనీస మెట్టు కూడా అంతే. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు సాహసించి విఫలులయ్యారు. ఎత్తి ఉంటే స్వర్ణం ఆమెదే. టోక్యోలో విజేతకు, మీరాబాయికి మధ్య తేడా 8 కిలోలు. మూడు కొలమానాలు ఒకే తీర్పు చెప్పడం లేదని పాఠకులు గమనించగలరు.

కాబట్టి ఎవరు గొప్ప అని అడిగే ముందు దేనితో కొలుస్తున్నామని అడగాలి. నియమాలేమిటి, అవకాశం ఎవరికుంది, లెక్క ఎవరు వ్రాశారు, సమకాలికులను ఎంత దూరం దాటారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే తీర్పు చెప్పాలి. రామ్మూర్తిగారిని కట్టుకథ అని కొట్టివేయడం ఎంత తప్పో, మల్లీశ్వరిగారి పతకాన్ని కంచమే గదా అని చులకన చేయడం అంత తప్పు.

విద్యార్థులకు ఒక మనవి. మన మైదానంలో పరుగెత్తిన, దూకిన, బరువెత్తిన ప్రతి బాలుని, ప్రతి బాలిక ఫలితాన్ని తేదీతో, కొలతతో, నియమంతో సహా ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఉద్దానం తోటల నుండి రేపు ఒక మహాక్రీడాకారిణి వస్తే, ఆమె తొలి అడుగును తరువాతి తరం పుకారుగా కాక చరిత్రగా చదువుకోగలగాలి.