చోక్ తీస్తే బండి ఆగిపోతోంది

ప్రశ్న: మా నాన్నగారి పాత 100 సీసీ బండిని మూడు నెలలు వాడలేదు. ఇప్పుడు చోక్ వేస్తేనే స్టార్ట్ అవుతోంది, తీయగానే ఆగిపోతోంది. యాక్సిలేటర్ వదిలితే సైలెన్సర్ టపటపమంటోంది. కార్బురేటర్ మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. ఈ లక్షణాలను బట్టి ఇంజన్‌కు గాలి ఎక్కువగా, పెట్రోల్ తక్కువగా అందుతోంది. చోక్ గాలిని తగ్గిస్తుంది కాబట్టే అప్పుడు బండి నడుస్తోంది. నిల్వ ఉన్న పెట్రోల్ జిగురుగా మారి, సన్నటి పైలట్ జెట్ రంధ్రం పూడిపోయి ఉండొచ్చు.

పెట్రోల్ కాక్ మూసి, నిప్పుకు దూరంగా కార్బురేటర్ విప్పించండి. జెట్‌ను క్లీనర్ స్ప్రేతో కడిగి, గాలి కొట్టించండి. తీగ మాత్రం దూర్చనివ్వకండి. జెట్ ఇత్తడిది, మెత్తగా ఉంటుంది. రంధ్రం పెద్దదైతే మైలేజీ పడిపోతుంది. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు రింగు పాడైనా ఇదే బాధ. అదీ చూడమనండి.

ట్యూనింగ్ ఆ తర్వాతే. ఇంజన్‌ను 10 నిమిషాలు వేడెక్కించి ఆపండి. మిక్స్చర్ స్క్రూను సుతారంగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలండి. మళ్లీ స్టార్ట్ చేసి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ఇంజన్ వేగంగా, నిలకడగా తిరిగేచోట ఆపండి. తర్వాత ఐడిల్ స్క్రూతో 1400 ఆర్‌పీఎం దగ్గరకు తెండి.

కొన్నాళ్లు నడిపాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే అంతా సవ్యమే. తెల్లబడితే పెట్రోల్ తక్కువ, నల్లటి మసి పడితే ఎక్కువ. ఇకపై బండిని నెలల తరబడి ఆపేముందు కార్బురేటర్ బౌల్ ఖాళీ చేయండి.